ఎక్కిన గేర్లోనే దిగాలి

కొత్త స్పోర్ట్స్ కారు కొనబోతున్నాం. రంగు దగ్గర పేచీ లేదు, ఎరుపే. పేచీ అంతా గేర్ల దగ్గర. నాకు మాన్యువల్ కావాలి, మా ఆవిడ సరళకు ఆటోమేటిక్. మాన్యువల్ వస్తే ఈ జన్మకు పక్కసీటే గతి అని ఆవిడ భయం. నిజమే, పాత కారులో ఆవిడ గేరు మార్చినప్పుడల్లా నేను వేసిన కేకలకు మా వీధి కుక్కలు వేరే వార్డుకు వలసపోయాయి. సోమవారం షోరూముకు ఏదో ఒకటి చెప్పాలి. మా బావమరిది తన ఆటోమేటిక్ స్పోర్ట్స్ కారు తాళాలు చేతిలో పెట్టి, "ఆదివారం అరకు వెళ్లి తేల్చుకోండి బావా" అన్నాడు.

పొద్దున్నే ఆరింటికి విశాఖలో బయలుదేరాం. ఆ కారు ఎంత కిందికి ఉందంటే, దారిలో చీమలు కూడా మమ్మల్ని తలవంచే చూశాయి. శృంగవరపుకోటలో ఇడ్లీ తిని ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాం. స్టీరింగ్ నాది, ఉపన్యాసమూ నాదే.

"ఘాట్‌లో ఎక్కిన గేర్లోనే దిగాలి సరళా, లేకపోతే భారమంతా బ్రేకుల మీద పడి అవి కాలిపోతాయి. ఇందులో అదే వేసుకుంటుంది, అదే తీసుకుంటుంది. మనం ఏ గేర్లో ఎక్కామో ఎవరికి తెలుసు?"

ఆవిడ మీటరు వైపు చూస్తూ ఊ కొట్టింది.

అనంతగిరికి ముందు ఒక మలుపు ఉంది, అక్కడ కారుకు తన తోక తనకే కనిపిస్తుంది. అలవాటుకొద్దీ ఎడమకాలితో క్లచ్ తొక్కాను. ఈ కారుకు క్లచ్ లేదు. కాలి కింద పడింది బ్రేకు. మేకు కొట్టినట్టు ఆగిపోయాం. తిన్న ఇడ్లీ గొంతుదాకా వచ్చి, లోయ చూసి వెనక్కి వెళ్లింది. జనాన్ని కుక్కుకుని వస్తున్న జీపు మా వెనక జానెడు దూరంలో కీచుమంది.

"ఏటి బాబూ, నడిరోడ్డు మీద ఇల్లు కట్టేత్తన్నారేటి? బేగి తియ్యండి!" అని అరిచాడు డ్రైవరు.

అనంతగిరిలో కాఫీ తాగుతూ ఒప్పందం చేసుకున్నాం. దిగేటప్పుడు సరళ నడుపుతుంది. బ్రేకులు కాలిన వాసన వస్తే మాన్యువల్, రాకపోతే ఆటోమేటిక్.

అరకులో బొంగు చికెన్ తిన్నాం. వెళ్లేవారు సిద్ధంగా ఉన్నది కొనకండి, మీ ఎదుట కాల్చేదాకా ఆగండి. మూడింటికి తిరుగు ప్రయాణం.

దిగుడు మొదలవగానే సరళ స్టీరింగ్ వెనకున్న చిన్న గేరు మీటను వేలితో నొక్కింది. మీటరులో రెండు అంకె వెలిగి, అక్కడే నిలిచింది.

"అదేమిటి?"

"మీరు ఉపన్యాసం చెబుతున్నప్పుడు అంకె చూశాను. ఏటవాలంతా రెండులోనే ఎక్కింది."

నేను తల బయటపెట్టి వేటకుక్కలా వాసన పట్టాను. సగం దిగాక వచ్చింది, కమ్మని కాలిన వాసన!

"మాన్యువల్!" అని అరిచాను.

సరళ ముఖం చిన్నబోయింది. మలుపు తిరిగితే, పొద్దుటి జీపు రోడ్డు పక్కన చక్రాల్లోంచి పొగ కక్కుతోంది. జనమంతా దిగి నిలబడ్డారు.

"ఏ గేర్లో దిగావు బాబూ?" అని కారు ఆపి డ్రైవర్ని అడిగింది సరళ.

"న్యూట్రల్లో వొగ్గేసినానమ్మా," అన్నాడు తల గోక్కుంటూ, "డీజిలు కలిసొస్తాదని."

"నాను సెప్తానే ఉన్నాను, ఇన్నాడా ఈ గుంటడు?" అంది ఒక ముసలమ్మ, బుట్ట దించుకుంటూ.

సరళ దిగి, మా కారు చక్రాల దగ్గర వంగి వాసన చూడమంది. చూశాను. రబ్బరు, దుమ్ము. అంతే.

శృంగవరపుకోటలో టీ తాగి, బావమరిదికి ఫోన్ చేసి ఆటోమేటిక్ అని చెప్పాను. అక్కడి నుంచి కూడా సరళే నడిపింది. లేని క్లచ్ తొక్కి తొక్కి కొత్తవలస వచ్చేసరికి నా ఎడమకాలు పట్టేసింది. గేరు మారినప్పుడు ఒక్క కేక వేద్దామని చెవులు రిక్కించి కూర్చున్నాను. విశాఖ వచ్చేసింది, ఆ కారు ఎప్పుడు మార్చుకుందో నాకు తెలియనివ్వలేదు.