కోరంగి బురదలో ఆగిపోయిన ఆదివారం

కోరంగి మడ అడవులు చూడాలని నాకేమీ ముచ్చట లేదు. మలేషియాలో మా ఊరి చివర ఉన్నదంతా మడ అడవే. దాన్ని చూడ్డానికి ఎవరైనా సముద్రం దాటి వస్తారా? నేను దాటి వచ్చింది కాకినాడలో డాక్టరు చదువు కోసం. ముత్తాతల నాడు ఇటువైపు నుంచే ఓడెక్కి వెళ్ళిన కుటుంబం మాది. ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతాం కాబట్టి ఇక్కడ ఇట్టే కలిసిపోతానని మా నాన్నగారి నమ్మకం. కలిసిపోవడం సంగతి అటుంచి, మూడు నెలలు తిరిగేసరికి చిక్కి సగమయ్యాను. అనాటమీ హాల్లో శవం మీద పని నేర్చుకుని వస్తే, ఎంత సబ్బు అరగదీసినా ఆ మందు వాసన వేళ్ళని వదిలేది కాదు. ఆ చేత్తో అన్నం కలపబుద్ధయ్యేది కాదు. మెస్‌లో అందరూ పప్పన్నం కలుపుకుంటుంటే నేను స్పూనుతో నాలుగు మెతుకులు ఏరుకుని, బ్రెడ్డు ముక్కతో సరిపెట్టుకునేదాన్ని. నాన్న ప్రతి ఆదివారం రాత్రి ఏడున్నరకి హాస్టల్‌కి ఫోన్ చేసేవారు. ఒకసారి, "ఉండలేనంటే చెప్పమ్మా, టికెట్టు తీసేస్తాను. వచ్చే ఆదివారానికల్లా ఆలోచించుకో" అన్నారు. ఆలోచించడానికేముంది, తీసెయ్యమని చెప్పడానికి మాట కూడా కూర్చి పెట్టుకున్నాను.

ఈ సంగతి నా రూమ్మేట్ సుగుణకి తెలుసు. చేపలు పట్టే కుటుంబం నుంచి వచ్చిన పిల్ల, ఎవరికీ జంకదు. "పోతే పోదువుగాని, మా మావయ్య వాళ్ళ ఊరు ఒక్కసారి చూసి పో. ఇక్కడిదాకా వచ్చి ఈ హాస్టల్ గోడలు తప్ప ఏం చూశావ్?" అని శనివారం మధ్యాహ్నం క్లాసు అవగానే నా సంచీ తనే సర్దేసింది.

కాకినాడ బస్టాండులో యానాం బస్సు ఎక్కితే ముప్పావుగంటలో కోరంగిలో దిగొచ్చు. అప్పట్లో టికెట్టు పది రూపాయలకి మించేది కాదు. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. చొల్లంగి దాటాక రొయ్యల చెరువులూ వాటి వెనక మడ చెట్ల పచ్చని గీతా అటువైపే కనిపిస్తాయి. కోరంగిలో దిగి, ఉప్పుటేరు గట్టున ఉన్న ఆ ఊరికి ఆటోలో వెళ్ళాం. ఆటోలో మాతోపాటు రెండు ఐసు దిమ్మలు కూడా ప్రయాణం చేశాయి. దిగేసరికి నా సల్వారు సగం తడిసింది.

సుగుణ మేనమామ అప్పారావుగారికి సొంత నాటు పడవ ఉంది. పొద్దున్నే వల వేసి, చేపలు అమ్మేసి, తొమ్మిదింటికి మమ్మల్ని మడ అడవిలోకి తీసుకెళ్తానన్నారు. అక్కడ అన్నిటికీ పోటూ పాటే గడియారం. సముద్రం పోటెత్తినప్పుడు చిన్న చిన్న పాయలన్నీ నిండి పడవ ఎటు కావాలంటే అటు పోతుంది. పాటు తీసిందంటే నీరు వెనక్కి పోయి బురద మిగులుతుంది. తొమ్మిదింటికి బయల్దేరితే నీళ్ళుండగానే తిరిగి రావచ్చు, సాయంత్రం బస్సుకి హాయిగా హాస్టల్ చేరవచ్చు. ఆదివారం పొద్దున్న మేం గట్టు మీదకి బయల్దేరబోతుంటే మావయ్యగారి భార్య మంగ అత్తయ్య గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఖాళీ కడుపుతో పడవెక్కుతారా? నాలుగు ముద్దలు తినెళ్ళండమ్మా. ఎంతసేపు?"

పొగలు కక్కే అన్నం, మడ పీతల ఇగురు. పీతని స్పూనుతో తినడం బ్రహ్మతరం కాదు. ఒక కాలు కొరికాను, రెండోది విరిచాను, గుజ్జు వేళ్ళతో లాగాను, ఆ తర్వాత వేళ్ళ సంగతి మర్చిపోయాను. చింతపండు పులుపూ మిరియాల ఘాటూ ముక్కుకెక్కి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. అత్తయ్య మారు వడ్డించింది. వద్దనలేదు. మళ్ళీ వడ్డించింది. చివర్లో గడ్డ పెరుగు. మావయ్యగారు మాత్రం అరుగు మీద కూర్చుని ఒకసారి ఏటివైపు, ఒకసారి నా కంచం వైపు చూస్తూ బీడీ కాల్చుకున్నారు. నేను చెయ్యి కడిగేసరికి పదిన్నర దాటింది.

అడవి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. మా ఊళ్ళోనూ ఉంది కదా అని తీసిపారేసినదాన్ని, నోరు మూసుకుని చూశాను. రెండు వైపులా చెట్లు పాయ మీదకి వంగి ఉన్నాయి. బురదలో గెంతే చిన్న చేపలు, ఒక్క డెక్క మాత్రం పెద్దదిగా ఉన్న ఎర్ర పీతలు, మమ్మల్ని చూసి బుడుంగున మునిగిన రెండు నీటికుక్కలు. గంటసేపు అలా గడిచాక పడవ అడుగున గరగరమని చప్పుడైంది. మావయ్యగారు గడకర్ర గుచ్చి చూసి, దాన్ని పక్కన పెట్టేశారు.

"ఆయ్, ఇంక కదలదండి. నీళ్ళు తిరిగొచ్చేదాకా ఇక్కడే."

"ఎప్పటికి వస్తాయండీ?"

"నాలుగో నాలుగున్నరో."

అప్పుడు బయల్దేరితే ఏడున్నరకి హాస్టల్ చేరతామో లేదో. ఫోన్ అందకపోతే టికెట్టు మాట ఇంకో వారం ఆగాలి, ఆ అనాటమీ హాల్లో ఇంకో వారం. కోపం దాచుకోవడం నాకు చేతకాదు. "పాటు తీస్తుందని మీకు తెలీదా మావయ్యగారూ?" అన్నాను.

"తెలీకేమండి. తమరు రెండోసారి కూర వేయించుకునేటప్పుడే తీయడం మొదలెట్టింది."

"మరి చెప్పలేదేం?"

ఆయన నన్ను వింతగా చూశారు. "అన్నం దగ్గర కూర్చున్న మనిషిని ఎలా లేపుతామండీ? అందులోనూ తమరు మూడు నెలల్నుంచీ సరిగ్గా తినట్లేదని మా సుగుణ రాత్రే చెప్పింది. నేను లేవబోతే మీ అత్తయ్య కళ్ళెర్రజేసింది, ఆ పిల్ల తిననీ అని. నీళ్ళదేముందండీ, సాయంత్రానికి అవే వస్తాయి."

సుగుణ వైపు తిరిగాను. "నీకూ తెలుసా?"

"నేను పుట్టింది ఈ గట్టునే కదే" అంది, చెట్ల వైపు చూస్తూ.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, దాచడానికి అక్కడ చోటెక్కడుంది? ఒక్క ముద్దకి కూడా తొందరపెట్టకుండా, ముగ్గురూ కూడబలుక్కుని నీళ్ళు పోనిచ్చారు. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంటే పీతల వాసన తప్ప ఇంకేమీ లేదు.

నాలుగు దాటాక పాయలోకి నీళ్ళు మెల్లగా పాకి వచ్చి పడవని లేపాయి. గట్టు చేరి, ఆటో పట్టుకుని, యానాం నుంచి వచ్చే బస్సులో నిలబడి కాకినాడ వచ్చాం. నేను హాస్టల్ మెట్లెక్కుతుండగానే ఫోన్ మోగింది.

"ఏమ్మా, టికెట్టు తీయమంటావా?" అన్నారు నాన్న.

కూర్చి పెట్టుకున్న మాట నోటికి రాలేదు. "ఇవాళ పీతలు తిన్నాను నాన్నా. చేత్తో" అన్నాను. "అయితే ఇంకొన్నాళ్ళు చూద్దామా?" అన్నారు నాన్న. చూద్దామన్నాను. ఆ కొన్నాళ్ళు ఐదున్నరేళ్ళయ్యాయి.

మా దేశంలో ఇప్పుడు నాకూ ఒక వార్డుంది. అడవి గురించి ఎవరైనా అడిగితే నీటికుక్కల గురించి చెబుతాను కానీ, నిజానికి నేను కోరంగి నుంచి తెచ్చుకున్నది ఒక్క అలవాటే. పొద్దున్నే రౌండ్లకి వెళ్ళినప్పుడు రోగి ఏదైనా తింటూ కనిపిస్తే, గుమ్మం బయటే ఆగిపోతాను. వెనక జూనియర్లు వాచీలు చూసుకుంటారు, నర్సులు విసుక్కుంటారు. అవతల పది మంచాలు చూడాలని నాకూ తెలుసు. అయినా ఆగుతాను, ఆ మనిషి చెయ్యి కడిగేదాకా.

కోరంగి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. చలికాలంలో వెళ్ళండి, ముందురోజే పాటు ఎప్పుడు తీస్తుందో పడవవాళ్ళని అడగండి, దానికి మూడు గంటల ముందే భోజనానికి కూర్చోండి. ఎందుకంటే అక్కడ మిమ్మల్ని ఎవరూ లేపరు.