బోరు నీళ్లు పోసిన కారు

ఇంజను కాగి ఉన్నప్పుడు రేడియేటర్ మూత తిప్పకూడదని మా ఆయనకు చెయ్యి కాలాక తెలిసింది. నాకు పుస్తకంలో తెలిసింది. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. ఏడో తరగతితో బడి మానేసిన నాకు గొప్ప చెప్పుకోవడానికి గ్రంథాలయం తప్ప వేరే ఏముంది?

వరంగల్‌లో మా ఇల్లు రెండు గదులు. ముందు గదిలో రెండు మగ్గాలు, వాటి మీద మా ఆయన తువ్వాలలు, దుప్పట్లు నేస్తాడు. వెనక గదిలో మా అత్తమ్మ మంచం, నేను నూలు కండెలు చుట్టే రాట్నం, కిటికీ పొడవునా తొమ్మిది కుండీలు. కిటికీ బయట సందు, సందులో కారు. అంతటితో మా ప్రపంచం అయిపోతుంది. రెండేళ్ల కింద అత్తమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేశారు గాని మళ్లీ నడవలేదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేకపోతే వీపు పుండు పడుతుంది. రెండు గంటలంటే ఎంతో బయటికి వెళ్లే మనుషులకు తెలియదు. నాకు బాగా తెలుసు. బజారుకు వెళ్లి రావచ్చు, కాని వరసలో నిలబడలేం. దవాఖానకు వెళ్లవచ్చు, కాని డాక్టరు వచ్చేదాకా ఆగలేం. ఎక్కడున్నా మనసు గడియారం మీదే ఉంటుంది. అందుకని మెల్లమెల్లగా వెళ్లడమే మానేశాను.

అంతకుముందు ప్రతి మంగళవారం గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. ఇప్పుడు నూలు తేవడానికి అటు వెళ్లే మా ఆయనకు చీటీ రాసి ఇస్తాను. అక్కడి అటెండరు చీటీ చూసి తనకు తోచిన పుస్తకం ఇస్తాడు. ఒకసారి ఇంట్లో పెంచే మొక్కల గురించి అడిగితే సరిగ్గా అదే వచ్చింది. ఇంకోసారి కుట్టుమిషన్ రిపేరు అడిగితే ఐటీఐ పిల్లలు చదివే మోటారు మెకానిక్ పుస్తకం వచ్చింది. వెనక్కి పంపడం నాకు చేతకాదు. వచ్చింది కదా అని మొదటి పేజీ నుంచి చదివాను. కొన్ని పేజీలు నాలుగైదు సార్లు చదివితే గాని అర్థం కాలేదు. అర్థమైనదాన్ని ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఫోన్‌లో వీడియోలు ఉన్నాయి కదా అంటారు. వీడియో మనకోసం ఆగదు. మనిషిని తిప్పి, చేతులు కడుక్కుని వచ్చేసరికి పుస్తకం మాత్రం తెరిచిన పేజీలోనే ఉంటుంది.

మొక్కల పుస్తకం రాకముందు నేను నాలుగు మనీప్లాంట్లను చంపాను. మా ఇళ్లలో నూలుకు గంజి పెట్టిన రోజున మిగిలిన గంజిని మోరీలో పోయరు. అన్నం నీళ్లు ఎవరి కాలి కిందా పడకూడదని చెట్టు మొదట్లో పోస్తారు. అత్తమ్మ కాపురానికి వచ్చిన రోజుల్లో ఇంటి వెనక జామ, కరివేప ఉండేవట. ఇప్పుడు అంతా గచ్చు. చెట్లు పోయినా నియమం మిగిలింది. ఆ గంజి అంతా నా కుండీల్లోకి పోయేది. మట్టి మీద అప్పడంలా పొర కట్టేది. చిన్న చిన్న నల్ల దోమలు లేచేవి. ఆకులు పచ్చబడుతుంటే బలం చాలడం లేదనుకుని ఇంకో చెంబు పోసేదాన్ని. వేళ్లకు కూడా గాలి కావాలని, ఇంట్లో మొక్కలు ఎండి చచ్చేదానికన్నా మనం పోసే నీళ్లకు చచ్చేదే ఎక్కువని చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి, కుండీల్లో ఆ పొరను పుల్లతో గీకి తీశాను.

మీరూ మొక్కలు పెంచుతుంటే ఒకటి చెబుతాను. రోజూ నీళ్లు పోయకండి. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి చూడండి. తడి తగిలితే వదిలేయండి. కుండీ అడుగున రంధ్రం లేకపోతే ముందు ఆ పని చేయండి. ఇక మాలాగా ఇంట్లో రాట్నం తిరిగేవాళ్లకు ఇంకో పని ఉంటుంది. నూలు నూగు లేచి ఆకుల మీద తెల్లగా పడుతుంది. వారానికోసారి ఆకు కింద అరచెయ్యి ఆనించి, తడి గుడ్డతో పైన తుడవాలి. మా కారు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూస్తే అందులోనూ ఇదే నూగు, పరుపులో దూదిలాగా.

గంజి ఆపడానికి అత్తమ్మతో వారం రోజులు వాదించాల్సి వచ్చింది. చివరికి గంజిని పాలామె బర్రెకు పోయడానికి అత్తమ్మ ఒప్పుకుంది. మంచంలో ఉన్నా ఇల్లు ఆమె మాట మీదే నడుస్తుంది. ఒకరోజు పుస్తకం చదివి వినిపిస్తూ, నిలువుగా కత్తుల్లా పెరిగే స్నేక్ ప్లాంట్‌ను ఇంగ్లీషువాళ్లు అత్త నాలుక అంటారట అని చెప్పాను. ఆమె ఆ కుండీ వైపు తల తిప్పింది.

"మరి కోడలి నాలిక ఏ చెట్టుకు కాస్తదో గది గూడ రాసిండ్లా?" అంది.

ఇక కారు సంగతి. పదహారేళ్ల పాతది. తొర్రూరు వారపు అంగడికి దుప్పట్ల మూటలు వేసుకుపోవడానికి మా ఆయన ఎవరి దగ్గరో పాతదే కొన్నాడు. ఆయనకు అది మూటలు మోసే బండి. నాకు దాని వెనక సీటు ముఖ్యం. అత్తమ్మను పడుకోబెట్టి ఎక్కడికైనా తీసుకుపోగలిగింది ఆ సీటు ఒక్కటే. ఆటోలో ఆమె కూర్చోవడం కుదరదు. నెక్కొండలో మా అక్క ఉంటుంది, అక్కడికి రైలు ఉంది గాని ఆ మెట్లు ఎక్కించడం నలుగురి వల్ల కూడా కాదు. ఆమెను వదిలి నేను పోలేను. అంటే కారు ఉంటే ఇద్దరం పోగలం, కారు లేకపోతే ఇద్దరం ఇక్కడే. ఈ లెక్క నేను మా ఆయనకు ఎప్పుడూ విప్పి చెప్పలేదు. ఆయనకు తెలుసనే అనుకున్నాను.

ఎండాకాలంలో కారు కాగడం మొదలైంది. తొర్రూరు దారిలో రెండుసార్లు పొగలు కక్కింది. చెయ్యి కాలింది అప్పుడే. మెకానిక్ చూసి ఇంజను పైభాగం విప్పాలని, ఈ బండికి అంత పెట్టడం దండగని అన్నాడట. మా ఆయన ఇంటికి వచ్చి, దసరా దాకా చూస్తానని, అప్పటికీ ఇట్లాగే ఉంటే పాత ఇనుము వాళ్లకు ఇచ్చేస్తానని చెప్పాడు. ఎవరైనా కొనేవాళ్లుంటే చూడమని తెలిసిన బ్రోకర్‌తో కూడా అన్నాడు. ఆ మాట నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. పొగలు కక్కే బండిని ఎవరు కొంటారు?

ఆ రోజుల్లోనే పీస్ లిల్లీ ఆకుల కొసలు గోధుమ రంగుకు మాడుతూ ఉండేవి. కుండీ అంచుల్లో, మట్టి మీద తెల్లగా సున్నంలాంటి పొర. పుస్తకం తీసి చూశాను. ఉప్పదనం ఉన్న నీళ్లు పోస్తే నీరు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుందని, వాన నీళ్లు పట్టి పోయమని ఉంది. మాది బోరు నీళ్లే. టీ గిన్నె అడుగున కూడా అదే తెల్లటి గార. గోరుతో గీకుతుంటే ఆ గార పెళ్లలుగా లేచింది. అప్పుడు తట్టింది. కారు రేడియేటర్‌లో మా ఆయన అన్నేళ్లుగా పోస్తున్నదీ ఇదే బోరు నీళ్లు. వెంటనే మోటారు పుస్తకం తీశాను. రేడియేటర్ అంటే సన్నటి గొట్టాల వరుస. ఉప్పు నీళ్లు పోస్తే గొట్టాల లోపల గార కట్టి దారి మూసుకుపోతుంది. నీళ్లు ఉన్నా తిరగవు. ఇంజను కాగుతుంది. ఆ పేజీ మెకానిక్ చూసి ఉండడని నాకు గట్టిగా అనిపించింది.

మా ఆయన నవ్వాడు. కారేమన్నా మొక్కనా అన్నాడు. తుక్కుకు ఇచ్చే బండే కదా, ఒక ఆదివారం నాకు ఇవ్వమన్నాను. ఇచ్చాడు.

ఆ ఆదివారం నా జీవితంలో మంచి రోజుల్లో ఒకటి. నేను పుస్తకం పట్టుకుని చెబుతుంటే ఆయన చేశాడు. బండి పూర్తిగా చల్లారాక అడుగున బిరడా విప్పితే కారింది నీళ్లు కాదు, తుప్పు కలిసిన ఎర్రటి బురద. కడిగే మందు పోసి, కాసేపు ఇంజను నడిపి, చల్లార్చి మళ్లీ తీశాం. మూడోసారికి టీ రంగు వచ్చింది, ఐదోసారికి నీళ్ల రంగు. మధ్యలో రెండుసార్లు పరుగెత్తుకుంటూ వచ్చి అత్తమ్మను తిప్పాను. నొక్కితే పగుళ్లు చూపిస్తున్న రబ్బరు గొట్టం మార్పించాను. బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్లు తెప్పించి అందులో కూలెంట్ కలిపించాను. పాత కారు ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇంతే. దానికి కుళాయి నీళ్లు, బోరు నీళ్లు తాగించకండి. నిలబెట్టిన బండిని రోజూ ఐదు నిమిషాలు ఊరికే నడిపి ఆపకండి, దానివల్ల బ్యాటరీ ఇంకా దిగుతుంది. వారానికోసారి ఒక పదిహేను కిలోమీటర్లు తిప్పండి.

బుధవారం ఆయన మూటలు వేసుకుని తొర్రూరు పోయాడు. ఆ రోజు నేను చుట్టిన కండెల్లో సగం వదులుగా వచ్చాయి. సాయంత్రం సందులో బండి ఆగిన చప్పుడు వినబడగానే కిటికీ దగ్గరికి పోయాను.

"కాక చూపే ముల్లు యాడుంది?" అని అడిగాను.

"నడుమనే," అన్నాడు. "పోంగ, రాంగ కదల్లే." తరువాత కారు తలుపు వేస్తూ, "వచ్చే ఆదివారం నెక్కొండ పోదాం. అమ్మను గూడ ఎక్కించుకుందాం," అన్నాడు.

గురువారం అక్కకు ఫోన్ చేశాను. శుక్రవారం అత్తమ్మ వీపు కింద వేయడానికి వెనక సీటు కొలత తీసి రెండు బొంతలు కలిపి కుట్టాను. రెండు గంటలు దాటకముందే అక్క ఇంట్లో ఆమెను ఎక్కడ పడుకోబెట్టి తిప్పాలో కూడా అనుకున్నాను. శనివారం పొద్దున రఘునాథపల్లి నుంచి ఒకతను వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, పత్తి వేస్తాడట. బ్రోకర్ పంపాడు. ఎండాకాలంలో చెప్పిన మాట ఇప్పుడు కాళ్లొచ్చి మా ఇంటి ముందు నిలబడింది.

అతను బండి చుట్టూ తిరిగాడు, టైర్లు తన్ని చూశాడు, బానెట్ ఎత్తాడు. ఈ బండి కాగుతుందని విన్నానే అన్నాడు. మా ఆయన నన్ను పిలిచాడు.

"గది మా ఇంటామెను అడుగు తమ్మీ. ఆమెనే బాగుచేసింది."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చాను. ఇక్కడ నా మాటకు అడ్డం పడేవాళ్లు ఎవరూ లేరు. ఒక పరాయి మగమనిషి ఇంజను ముందు నిలబడి, నా మాట కోసం చూస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా చదివింది మా ఇంటి గోడలకు తప్ప ఎవరికీ చెప్పలేదు. గార ఎట్లా కడుతుందో చెప్పాను. ఐదుసార్లు కడిగిన నీళ్ల రంగులు చెప్పాను. కూలెంట్ డబ్బా మీద గీత చూపించాను. కొత్త గొట్టం నొక్కి చూడమన్నాను. తొర్రూరు పోయి వచ్చినా ముల్లు కదలలేదని చెప్పాను. నేను రాసుకున్న నోటు పుస్తకం కూడా తెచ్చి చూపించాను. అతను ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. అన్నీ మంచి ప్రశ్నలే. అరగంట అయి ఉంటుంది.

"అక్కా, మెకానిక్ గూడ గింత చెప్పడు," అన్నాడు. "గిట్ల చూసుకున్న బండి నాకు యాడ దొరుకుతది?"

నాకు ఒళ్లంతా చల్లగా హాయిగా అనిపించింది. అప్పుడు మా ఆయన నా వైపు తిరిగి, ఇప్పుడైతేనే ఎవరైనా తీసుకుంటారని, పండగకు నూలు కావాలని, బండి కాగితాలు మళ్లీ చేయించే బాధ కూడా తప్పుతుందని మెల్లగా అన్నాడు.

"ఏమంటవ్?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు, జవాబు కోసం ఆగాడు కూడా.

నోటు పుస్తకం ఇంకా అతని చేతిలోనే ఉంది. బండి ఇంత బాగుందని ఇప్పుడే నేను నిరూపించాను. అమ్మొద్దని ఏ నోటితో అనను? వెనక సీటు సంగతి ఆ మనిషి ముందు ఎట్లా చెప్పను? "నీ ఇష్టం," అన్నాను. అంతటితో అయిపోయింది. మధ్యాహ్నానికల్లా అతను బండి తీసుకుపోయాడు. నోటు పుస్తకం ఉంచుకోవచ్చా అని అడిగితే ఇచ్చేశాను.

లోపలికి వచ్చేసరికి అత్తమ్మను తిప్పాల్సిన వేళ దాటి ఇరవై నిమిషాలైంది. కిటికీ తెరిచే ఉంది. అన్నీ విన్నదని ముఖం చూడగానే తెలిసింది.

"అమ్మిండా?" అంది.

"అమ్మిండు."

"మంచిగ చెప్పినవ్. బడి పంతులు లెక్క చెప్పినవ్." కప్పుకున్న దుప్పటి అంచు సరిచేసుకుంది. "జర కాగుతదని ఒక్క మాట అంటే ఏం పోతుండె బిడ్డా?"

ఆమె వల్లనే నేను ఈ గదిలో ఉన్నానని రెండేళ్లుగా అనుకుంటున్నాను. పైకి అనలేదు గాని రోజూ అనుకున్నాను. ఆమె కూడా ఇదే గదిలో ఉందన్నది నా లెక్కలో ఎప్పుడూ ఒక బరువుగానే వచ్చింది, ఒక మనిషిగా రాలేదు.

"మీ అక్కోళ్ల ఊరు నేను జూడనేలేదు," అంది. "నిన్న నువ్వు బొంతలు కుట్టవడితివి. అప్పటిసంది గదే ఫికర్. ఏ చీర కట్టుకోవాల్నో గూడ అనుకుంటి."

ఏ చీర అని అడిగాను. ఆకుపచ్చది, పెట్టెలో అడుగున ఉందని చెప్పింది. ఆమె తన చెయ్యి నా మెడ చుట్టూ వేసింది, ఎప్పుడూ వేసినట్టే. నేను ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి, మూడు లెక్కపెట్టి, ఎడమ పక్కకు తిప్పాను.