అట్ట గొట్టాల అల్మారా

తండాలో హేమ్లి చేతులు ఊరికే ఉండగా ఎవరూ చూడలేదు. సారపాక కాగితం మిల్లులో రీళ్లు అయిపోయాక పారేసే అట్ట గొట్టాలను మొగుడు హాతీరాం అడిగి తెస్తే, వాటిని జానెడేసి ముక్కలు కోసి, మైదాపిండి ఉడకేసి అతికించి, గోడవారన వరసలుగా పేర్చింది. ఒకదాంట్లో రిబ్బన్లు, ఒకదాంట్లో పెన్సిళ్లు, పెద్దవాటిలో చుట్టిపెట్టిన గౌన్లు పడతాయి. తన పాత లంగాకున్న అద్దాలు విప్పి, వాటి ముందు కట్టిన తెరకు కుట్టింది. అంతా హాస్టల్లో చదివే కూతురు సోని కోసమే. ఖాళీ గొట్టాల్లోకి రోజూ కొంగు దూర్చి దుమ్ము తుడిచేది.

దసరా సెలవులకు సోని వచ్చింది. గొట్టాలను చూసి మురిసింది, అద్దాల్లో మొహం చూసుకుంది. తన రేకుపెట్టెను మాత్రం మంచం కిందికి తోసి, తాళంచెవి మెడలోనే ఉంచుకుంది. "బట్టలు ఈ గొట్టాల్ల పెట్టుకో బిడ్డా" అని హేమ్లి లంబాడీలో అంటే, పిల్ల తెలుగులో జవాబిచ్చింది.

"ఎందుకమ్మా? మళ్ల సర్దుకొని పోవాలె గదా!"

సోని వెళ్లిపోయాక, పై వరస గొట్టంలోకి ఒక పిచ్చుక గడ్డిపరకలు మోయడం మొదలుపెట్టింది. హాతీరాం తోలబోతే హేమ్లి చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి. అదన్నా సామాను తెచ్చి పెట్టుకుంటున్నది."