జపాను వాక్యాలు, మామ చింతగింజలు

మొన్న ప్రొద్దుటూరులో మా తమ్ముడు కొన్న పాత జపాను దున్నే టిల్లరుతోబాటు వచ్చిన కాగితానికి ఫోను చూపిస్తే, కన్నుమూసి తెరిచేలోగా అదంతా తెలుగైపోయింది. వాడికది వింత కాదు గానీ, ఆ పని కోసమే ఒకప్పుడు బెంగుళూరులో నిద్రాహారాలు మాని కూచున్న నేను మాత్రం ఆ ఫోను తీసుకుని మళ్లీ మళ్లీ చదివాను.

తర్జుమాకు ముందు జపాను వాక్యంలో ఏ మాట ఏ మాటకు చెందుతుందో కంప్యూటరు చేత పట్టించడం నా పని. నేను రాసిన ప్రోగ్రాము ప్రతి మాటనూ మిగతా మాటలన్నిటితో ముందుకూ వెనక్కూ పోల్చి చూసేది, వాక్యం కాస్త పొడుగైతే చాలు, టీ తాగి వచ్చినా తెమిలేది కాదు. పదిహేను రోజుల్లో వేగం పెరగకపోతే ఉద్యోగం పోతుందని మేనేజరు మొహంమీదే చెప్పాడు. మా ఇంట్లో నెల జీతం తెచ్చే మొదటివాణ్ణి నేనే, ఆ సంగతి అమ్మకు ఎట్లా చెప్పాలో తోచక, ఎర్రగుంట్లలో రైలు దిగి ఇంటికి పోకుండా జమ్మలమడుగు బస్సెక్కి మేనమామ దగ్గరికి పోయాను.

మామ దస్తావేజులు రాసేవాడు. రైతులు వచ్చి తాత నాటి పొలం, అన్నదమ్ముల పంపకం, మైలవరం కాలువ గట్టు అన్నీ కలిపి ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోతుంటే ఆయన కలం ముట్టేవాడు కాదు. తేలని సంగతి ఒక్కోదానికి ఒక చింతగింజను రాతబల్ల మీద వరసగా పెట్టేవాడు. కొత్త సంగతి రాగానే చివరి గింజ వంక మాత్రమే చూసి, అది దీనికి చెందిందైతే తీసేసి దాని ముందరిది చూసేవాడు, కాకపోతే అక్కడే ఆగి కొత్తదానికో గింజ చేర్చేవాడు.

మొదటినుంచీ మళ్లీ చూసుకోవా మామా అని అడిగాను.

"యాడికి అల్లుడా వెనక్కి పోయేది? తేలిపోయిందాన్ని మళ్లా తవ్వొద్దు. మనిషి చెప్పేది ముందరికే పోతాది, కడాకు అంతా ఒకదాంట్లోనే పడ్తాది" అన్నాడు.

శానా సిగ్గేసింది. జపానులో కూడా మన తెలుగు మాదిరే ప్రతి మాటా తన తర్వాత వచ్చే మాటకే చెంది, చివరి క్రియలో కూడుతుందని తెలిసి కూడా, ఇంగ్లీషు పుస్తకాలు చెప్పినట్టు రెండు వైపులా వెతుకుతూ కూచున్నాను చూడండి, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తిరిగిపోయి గింజల పద్ధతినే ప్రోగ్రాముగా రాశాను. ఎంత పొడుగు వాక్యమైనా ఒక్క నడకలో విడిపోయింది, ఉద్యోగం నిలిచింది. ఉపాయం ఎవరిదని, మా చేత ఆ పని చేయించుకుంటున్న జపాను కంపెనీ పెద్దాయన అడిగినప్పుడు మాత్రం నాదేనన్నాను.

ఏడాది తర్వాత పులివెందులలో ఒక పెండ్లిలో మామను పక్కకు పిలిచి, ఆ అబద్ధంతో సహా అంతా ఒప్పుకున్నాను. తడబడుతూ, కళ్లు తుడుచుకుంటూ చెప్పేసరికి చాలాసేపే పట్టింది, ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అయినాక, "పని నిలబడింది గదా, ఇంకేంది అప్పా" అన్నాడు.

ఆ తర్వాత నేను తిన్న ప్రతి ముద్దా ఆయన పెట్టిందే. ఇప్పటి యంత్రాలు ఆ గింజల పద్ధతికన్నా తొందరగా వాక్యాన్ని పట్టేస్తాయి, సంతోషమే. దస్తావేజులకు కూడా ఇప్పుడు కంప్యూటరులో గళ్లు నింపితే సరిపోతుందట. మామ పోయి చాన్నాళ్లయింది. చెప్పేదంతా కడదాకా చెప్పనిచ్చే మనిషి మాత్రం నాకు మళ్లీ దొరకలేదు.