పేడ కోసం ఆగిన డాక్టరమ్మ

దూడ చనిపోయినప్పటి నుంచి మా ఆవు సరిగా మేయడం లేదు, పాలూ తగ్గాయి. అమ్మేద్దామని మామయ్య, వద్దని అత్తమ్మ. ఈ రోజు ఘనపూర్‌లోని మా ఇంటికి ఒక పశువుల డాక్టరమ్మ వచ్చింది. పరిశోధన కోసం పాడి ఆవుల్లో ఒత్తిడి హార్మోన్ ఎంత ఉందో కొలుస్తోందట. రక్తం తీస్తుందేమోనని ఆవును కట్టేయడానికి తాడు తెచ్చాం. ఆమె వద్దంది.

"సూది గుచ్చితే బెదురుతది. ఆ బెదురుకే హార్మోన్ పెరుగుతది. పేడల చూసుకుంటనక్కా."

ఆవుకేమీ తొందర లేదు. వాన మొదలైనా ఆమె గొడుగు పట్టుకుని కొట్టం దగ్గరే నిలబడింది. చివరికి ఆవు పేడ వేయగానే, చేతికి తొడుగు వేసుకుని కొంచెం డబ్బాలోకి తీసుకుంది.

"దాని రంది, దాని దిగులు పేడల తెలుస్తదా బిడ్డా?" అని అడిగింది అత్తమ్మ.

"ఎందుకు రంది పడుతుందో తెల్వదు అవ్వా. పానం ఎంత పరేషాన్ల ఉందో తెలుస్తది."

"గంతే సాలు," అని అత్తమ్మ మామయ్య వైపు తిరిగింది. "గా రిపోర్టు వచ్చేదాక ఆవును అమ్మేది లేదు."

మామయ్య తాడు చుట్టి లోపల పెట్టేశాడు. నోరులేని జీవి బాధ తెలుసుకోవడానికి వానలో అంత ఓపికగా నిలబడిన ఆ పిల్లను చూస్తే ముచ్చటేసింది. ఇంటి కోడళ్ల మీద కూడా ఇలాంటి పరిశోధన ఎక్కడైనా జరుగుతుంటే చెప్పండి, మొదటి పేరు నాదే రాయించుకుంటాను.