ప్రేమయ్య బ్యాటరీలో ఎంతుంది?

పొద్దున షట్టర్ ఎత్తగానే ప్రేమయ్య ముందు ల్యాప్‌టాప్ తెరుస్తాడు. ప్రార్థన ఆ తర్వాతే. తెర మీద అరచేయంత అంకెలు వెలుగుతాయి. బ్యాటరీ ఇంకా ఎంతసేపు వస్తుందో చెప్పే అంకెలవి. వాటిని చూడకుండా ఆయన ఏ పనీ మొదలుపెట్టడు. ముహూర్తం చూసి ఇల్లు కట్టేవాళ్లు శంషాబాద్‌లో బోలెడుమంది ఉన్నారు. బ్యాటరీ చూసి దరఖాస్తు నింపేది మాత్రం ఆయన ఒక్కడే.

బస్టాండు దగ్గరి ఆయన ఆన్‌లైన్ సెంటర్లో జిరాక్స్ పనికి చేరిన సునీత మొదటి రోజే విస్తుపోయింది. ఆమెకు తెలిసిన బ్యాటరీ గుర్తు తెర మూలన చీమంత ఉంటుంది. ఇక్కడ అది తెరంతా ఆక్రమించింది. పైగా వచ్చినవాళ్లందరికీ కనబడేలా ల్యాప్‌టాప్‌ను ఓరగా తిప్పి పెట్టాడు.

"చార్జర్ పెట్టే ఉన్నది గదన్నా, ఇగ తగ్గుడేంది?"

"హిమాయత్ సాగర్‌ల నీళ్లు వచ్చేటియి వస్తయి, పోయేటియి పోతయి. ఇది గూడ గంతే. ఆ వైరు మాత్రం ముట్టకు."

ఈ పిచ్చి దుకాణంతో ఆగలేదు. చర్చిలో ప్రసంగం సాగుతుంటే భార్య జయశీల చెవిలో, "పాస్టరుగారిది ఇంకా నలభై నిమిషాలు వస్తది" అని గొణిగేవాడు. ఆమె గిచ్చేది. కడుపు ఆపరేషన్ అయిన దోస్తు ఈశ్వరయ్యను చూడ్డానికి దవాఖానకు పోయి, "పరేషాన్ కాకన్నా, నీ దాంట్ల ఇంకా ఎనభై శాతం ఉన్నది" అన్నాడు. ఈశ్వరయ్య భార్య కొట్టినంత పని చేసింది. ఈశ్వరయ్య మాత్రం కుట్లు పట్టుకుని, "మిగిలిన ఇరవై ఎటు పాయెరా?" అని అడిగాడట.

సునీతను అసలు కలవరపెట్టింది ఆ అంకెల నడక. ఒకరోజు సోమయ్య అనే కాంట్రాక్టరు వరసలోవాళ్లను తోసుకుంటూ వచ్చి, "ముందు నాది కొట్టు" అన్నాడు. రెండు గంటలున్నది కాస్తా ఆరు నిమిషాలైంది.

"చూసినవా అన్నా? నీది పెద్ద పని. నడుమల ఆగితే మొత్తం ఖరాబైతది. చిన్నయి కానియ్యి" అన్నాడు ప్రేమయ్య.

సోమయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే వెనక్కి జరిగాడు. అప్పుడు వరసలో ఉన్న దుర్గవ్వ ముందుకొచ్చి, దరఖాస్తులో రాయాల్సిన తన పుట్టిన సంవత్సరం కోసం ఊళ్లో వచ్చిన కరువులన్నీ ఏకరువు పెట్టడం మొదలుపెట్టింది. ఆ ఆరు నిమిషాలూ మూడు గంటలయ్యాయి.

"అన్నా, ఈ మిషన్‌కు బుద్ధి లేదు. కొత్తది కొను."

"ముసలిది బిడ్డా. దాని మర్జీ."

మొన్న పాల్మాకుల నుంచి రాజశేఖర్ వచ్చాడు. ప్లాట్ల వ్యాపారి. వెంట మేనత్త పోచమ్మ. ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, ప్రేమయ్య చెవి దగ్గరికి వంగాడు.

"అన్నా, జల్ది. అత్త ఆమె పొలం నా పేర గిఫ్ట్ రాస్తున్నది. రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుక్ చెయ్యి. కొనేటాయన ఫ్లైట్ దిగుతున్నడు, నేను ఎదురు పోవాలె."

ప్రేమయ్య టకటకా కొట్టాడు. పోచమ్మ చేతిలో ఫోన్ మోగింది. "ఫోన్ల నంబర్ వచ్చింది, సార్‌కు చూపియ్యి అత్తా" అన్నాడు రాజశేఖర్.

"అవ్వా, ఏం పని మీద వచ్చినవ్?" అని ప్రేమయ్య అడిగాడు.

"పింఛను పెంచుతరంట గద బిడ్డా. మా శేఖరు మంచోడు, కార్ల తోలుకొచ్చిండు."

సునీత జిరాక్స్ ఆపేసింది. తెర మీదున్నది రెండెకరాల పొలం. ముసలామె ఆ ఓటీపీ నంబరు చూపించిందంటే స్లాట్ ఖాయం. ప్రేమయ్య వైపు చూసింది. ఆయన ముఖంలో ఏ భావమూ లేదు. అంకెలు మాత్రం గంటన్నర నుంచి నాలుగు నిమిషాలకు పడిపోయాయి. మూడు. రెండు.

"ఏంది గిట్ల! ఇప్పుడే గంటన్నర ఉండె గదా!" అని రాజశేఖర్ అరిచాడు.

"దీన్ని నమ్మెటట్టు లేదన్నా."

"వేరే సెంటర్‌కు పోత!"

"పో. ఆడ లైన్ల నిలబడాలె. నీ పార్టీ ఫ్లైట్ దిగి నీ కోసం దిక్కులు చూస్తడు."

ఒకటి. సున్నా. ప్రేమయ్య మూత వేశాడు, పోయినవాళ్ల కళ్లు మూసినంత మర్యాదగా. అంతలో రాజశేఖర్‌కు ఫోన్ వచ్చింది. "అత్తను ఈడనే కూసోనియ్యి, గంటల వస్త" అంటూ పరుగెత్తాడు.

కారు మలుపు తిరిగింది. ప్రేమయ్య మూత తెరిచాడు. తెర మీద ఆరు గంటలు.

"సున్నకు పోయినది ఆరెట్లయిందన్నా?" అంటూ సునీత దూసుకొచ్చింది. కాలికి వైరు తగిలి ప్లగ్గు ఊడింది. ఆరు గంటల బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ రెప్పపాటులో నల్లబడింది.

ఆమె దాన్ని ఎత్తి తిరగేసింది. బ్యాటరీ ఉండాల్సిన చోట సోంపు పొట్లం ఉంది.

"బ్యాటరీ ఏదన్నా?"

"ఉబ్బింది. తీసి పారేసి నాలుగేండ్లాయె."

"మరి ఆ అంకెలు?"

"మా అల్లుడు జాన్ పాల్ చేసిచ్చిండు. ఈ బటన్ ఒత్తితే దిగుతయి, ఇది ఒత్తితే ఎక్కుతయి." ప్రేమయ్య కాస్త సిగ్గుపడుతూ పొట్లం ఆమె ముందుకు జరిపాడు. "నేను చెయ్యనంటే కొట్లాటకొస్తరు బిడ్డా. మిషన్ చెయ్యనన్నదనుకో, ఊకుంటరు."

సునీత సోంపు నోట్లో వేసుకుంది గానీ నమలడం మరిచిపోయింది.

ప్రేమయ్య ప్లగ్గు పెట్టి, పోచమ్మ పక్కన కూర్చున్నాడు. "అవ్వా, ఇది పింఛను కాదు. నీ పొలం శేఖరు పేర రాసే పని."

"మొత్తమా?"

"మొత్తం."

పోచమ్మ చేతిలోని ఫోన్ వైపు చూసింది. దాన్ని బొడ్లో దోపుకుంది. "నా మొగుడు బాయి తవ్విన పొలం బిడ్డా అది. ఇయ్యనంటే వీడు ఊకోడు. ఇంట్ల నేనొక్కదాన్నే ఉంట."

"నీకు ఇంకెవ్వరు లేరా?"

"బిడ్డ ఉన్నది, సక్కుబాయి. తుక్కుగూడల ఉంటది."

సునీత అప్పటికే ఫోన్ తీసింది.

రాజశేఖర్ తిరిగొచ్చేసరికి బల్ల మీద తల్లి పక్కన సక్కుబాయి కూర్చుని ఉంది. ప్రేమయ్య చాయ్ తాగడానికి బయటికి పోయాడు. ల్యాప్‌టాప్ ముందు సునీత ఉంది.

సక్కుబాయిని చూసి రాజశేఖర్ తడబడ్డాడు. "స్లాట్... అయిందా?"

జవాబు పోచమ్మ చెప్పింది. "మిషన్ల బ్యాటరీ లేదంట శేఖరూ. ఏం చేస్తం?"

అతను వంగి తెర వైపు చూశాడు. సునీత వేలు బటన్ మీద ఉంది. రెండు నిమిషాలు. ఒకటి.