మట్టి అంటిన తోక

ముప్పై ఏళ్లు బోధన్‌లో వృక్షశాస్త్రం బోధించినవాణ్ణి. ఆధారం చూడనిదే ఎవరినీ మెచ్చుకునే అలవాటు నాకు లేదు. నాగవ్వ విషయంలో ఆ ఆధారం నా కళ్లముందే దొరికింది.

వానకాలంలో వర్ని బస్టాండు ఎదుట కూర్చుని ఆమె పుట్టకొక్కులు, అంటే చెదపుట్టల మీద మొలిచే పుట్టగొడుగులు, అమ్ముతుంది. బడి ముఖం చూడలేదు. మేకలు కాసే రోజుల్లో తండ్రి ముత్యం నేర్పిన పద్ధతే నేటికీ ఆమెది: చెదపుట్టను తవ్వి, కొక్కును జానెడు వేరుతో సహా తీస్తుంది. ఆ వేరును తోక అంటుంది. మట్టి అంటిన తోకను తెంపకుండానే అమ్ముతుంది. "కొక్కులు కొంటున్నమా, మట్టి కొంటున్నమా?" అని కొనేవాళ్లు గొణిగినా వినదు.

మొన్న శ్రావణంలో ఒక ఉదయం పసుపు రైతు హన్మాండ్లు, భార్య పుష్పలతతో వచ్చి గంప ముందు నిలబడ్డాడు. ఇద్దరూ వాంతులతో రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు.

"నాగవ్వా, నీ కొక్కులు తిని సచ్చి బతికినం. ఇగ నీ గంప ఈడ కనవడొద్దు!"

జనం మూగారు. బస్సు కోసం నిలుచున్న నన్ను "సారూ, మీరే చెప్పుండ్రి" అని ముందుకు పిలిచారు. గంప లేస్తే నాగవ్వ బతుకుదెరువుతోపాటు నలభై ఏళ్ల పేరూ పోతుంది. అయినా తెలిసిన మనిషన్న కారణంతో తీర్పు చెప్పలేను. వండగా మిగిలినవి ఉన్నాయా అని అడిగాను. పుష్పలత తెల్ల తువ్వాల మూట విప్పింది.

నాగవ్వ పుల్లతో వాటిని రెండు కుప్పలు చేసింది. "గివి నావి, తోకలు జూడుండ్రి. గివి నావి గావు. తోక లేదు, మెడకు కడెం ఉన్నది. కింద బట్ట జూడుండ్రి."

బట్ట మీద ఆకుపచ్చ పొడి రాలి ఉంది. మెడకు కడెం ఉండే ఒక విషజాతి పుట్టగొడుగును పోల్చుకోవడానికి పుస్తకాలు చెప్పే గుర్తు అదే.

"ఏడియి బిడ్డా ఇవి?"

పుష్పలత తల దించుకుంది. "రెండు పూటల కూరకు సాలవని చెరుకు గట్టుమీది గడ్డిల నాలుగు తెంపిన అవ్వా. ఉడుకుతుంటె పసుపుకొమ్ము ఏసి సూసిన. ఇషముంటె రంగు మారుతదంటరు గదా, మారలే."

"పసుపు పండిచ్చెటోళ్లకు పసుపు మీద గంత నమ్మకమా! గది పుండుకు మందు బిడ్డా, ఇషాన్ని పట్టియ్యది."

తప్పు నాగవ్వది కాదని అందరికీ వినబడేలా చెప్పాను. అయితే న్యాయంగా ఆమెనూ హెచ్చరించాను: ఆకుపచ్చ పొడి రాల్చనివన్నీ మంచివని అర్థం కాదు.

"ఎర్కనే సారూ. గందుకే తోక లేంది గంపల వెయ్య. అనుమానమొస్తె తోక ఉన్నా వెయ్య."

నేను విద్యార్థులకు ఏడాదంతా చెప్పిన జాగ్రత్త ఆ రెండు మాటల్లో ఉంది. అలాంటి మనిషి మా ప్రాంతంలో ఉన్నందుకు గర్వపడుతున్నాను.

తర్వాతి వారం హన్మాండ్లు మళ్లీ వచ్చి, ఒక్కొక్క కొక్కునూ తోక పట్టుకుని తిప్పి చూసి సంచిలో వేసుకున్నాడు.

"మట్టి బరువైతది గదా, తోకలు తెంపియ్యాల్నా?" నాగవ్వ నవ్వుతూ అడిగింది.

"వద్దవ్వా," అన్నాడు, "మట్టితోనే ఇయ్యి."